పలకల మీద చోటు లేదు: మోర్మన్ గ్రంథాన్ని సాహిత్యంగా చదవడం ఎలా

బైబిలుతోపాటు మా సంఘం లేఖనంగా చదివే మోర్మన్ గ్రంథం చివరికొచ్చేసరికి మొరోనై అనే మనిషి ఒక్కడే మిగులుతాడు. తండ్రి యుద్ధంలో పోయాడు. బంధువులు పోయారు. స్నేహితులు లేరు, ఎటు పోవాలో తెలియదు. ఆ స్థితిలో ఆయన చెక్కిన మాటల సారం ఇది: పలకల మీద చోటుంటే ఇంకా రాసేవాణ్ణి, చోటు లేదు, లోహం కూడా లేదు, ఒంటరివాణ్ణి (మోర్మన్ 8:5).

ఈ వచనాన్ని నేను చాలా ఏళ్లు దాటేసి చదివాను. అందులో నాకు పాఠమేమీ కనబడలేదు. ఆదివారం బడిలో కూడా దాన్నెవరూ ఎర్ర పెన్సిలుతో గీయగా చూడలేదు. ఎప్పుడో ఒక రాత్రి తట్టింది: చోటు లేదని చెప్పడానికే ఈయన చోటు ఖర్చుపెట్టాడు! లోహం మీద చెక్కేవాడికి ప్రతి అక్షరమూ ఖరీదే. అంత ఖరీదు పెట్టి తన ఒంటరితనం చెప్పుకున్నాడంటే, ఆ మాట చెప్పుకోకుండా ఉండలేకపోయాడన్నమాట. అది గమనించాక ఆ పుస్తకాన్ని మళ్లీ మొదటి పేజీ నుంచి చదివాను, ఈసారి రాస్తున్న చేతిని చూస్తూ.

మీరూ అలా చదవాలనుకుంటే ఏం చేయాలో నాకు పనికొచ్చిన క్రమంలో చెబుతాను. ఒక పెన్సిలు, ఒక నోట్‌బుక్, ఫోనులో మా సంఘం వారి గాస్పెల్ లైబ్రరీ యాప్ ఉంటే చాలు. లేఖనాల తెలుగు అనువాదం ఆ యాప్‌లోనే ఉంది.

భయం ముందు తీర్చుకోండి

"సాహిత్యంగా" అనగానే మావాళ్లలో కొందరి ముఖం మారుతుంది. అంటే కట్టుకథ అంటున్నావా అని. తెలుగువాళ్లకు ఈ అనుమానం రాకూడదు నిజానికి. భారతం జరిగిందని గట్టిగా నమ్మే తాతలే తిక్కన పద్యం దగ్గర ఆగి, "ఆహా, ఎలా నడిపాడో చూడు" అని రెండోసారి చదివించుకునేవారు. నమ్మకానికీ రాత మీద ప్రేమకూ మన ఇళ్లలో ఎప్పుడూ గొడవ లేదు.

నేను యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము సభ్యుణ్ణి. మోర్మన్లు అన్నది బయటివాళ్లు వాడే పేరు. పూర్తి పేరే వాడమని సంఘం 2018 నుంచి గట్టిగా కోరుతోంది. ఈ గ్రంథం అమెరికా ఖండంలోని ప్రాచీన ప్రవక్తలు లోహపు పలకల మీద చెక్కిన రచన అనీ, సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్ దాన్ని దేవుని వరంతో అనువదించాడనీ మా విశ్వాసం. బయటి పండితులు దాన్ని 19వ శతాబ్దపు అమెరికాలో పుట్టిన రచనగానే చూస్తారు. ఆ తగవు ఇక్కడ తేలదు. కింద చెప్పే పనులు ఏ పక్షం వాళ్లయినా చేయొచ్చు. నేను మాత్రం విశ్వాసిగానే చేశాను, అందుకే మాట ఆ వైపు నుంచే వస్తుంది.

మా లేఖనాలు కూడా ఈ పనికి అడ్డు చెప్పవు. గ్రంథం ముఖపత్రమే, ఇందులో తప్పులుంటే అవి మనుషుల తప్పులు అంటుంది. మా మరో లేఖన గ్రంథం సిద్ధాంతము మరియు నిబంధనలు 1:24లో ప్రభువు, నా సేవకులకు వారి బలహీనతలో, వారి భాష తీరులో ఈ ఆజ్ఞలిచ్చాను అంటాడు. మోర్మన్ గ్రంథం తొలి రచయిత నీఫై తనకు మాట్లాడటంలో ఉన్న బలం రాయడంలో లేదని ఒప్పుకుంటాడు (2 నీఫై 33:1). మొరోనై అయితే ఏకంగా దేవుడికే మొరపెట్టుకుంటాడు, మా రాత చూసి జనం నవ్వుతారేమోనని (ఈథర్ 12). రాసినవాళ్లే తమ రాత గురించి ఇంత బెంగపడుతుంటే, ఆ రాతను చూడకుండా లోపలి నీతిని మాత్రం ఏరుకుపోవడం మర్యాద కాదనిపిస్తుంది నాకు.

మొదటి పని: అంకెలు తీసేయండి

మీ చేతిలో ఉన్న పుస్తకంలో ప్రతి వాక్యానికీ ఒక నంబరు ఉంటుంది. ఆ నంబర్లు జోసెఫ్ స్మిత్ చెప్పినవి కావు. 1829 ఏప్రిల్ నుంచి జూన్ దాకా, పెన్సిల్వేనియాలోని హార్మనీలోనూ న్యూయార్క్ రాష్ట్రంలోని ఫయెట్‌లోనూ ఆయన నోటితో చెబుతుంటే ఎక్కువ భాగం ఆలివర్ కౌడరీ రాసుకున్నాడు. ఆ రాతప్రతిలో కామాలు, ఫుల్‌స్టాపులు దాదాపు లేవు. పాల్మైరాలో గ్రాండిన్ అచ్చాపీసులో అక్షరాలు కూర్చిన జాన్ గిల్బర్ట్ విరామచిహ్నాలు పెట్టాడు. 1830లో 5,000 ప్రతులు అచ్చయినప్పుడు ఆ పుస్తకం నవలలాగా పేరాగ్రాఫులతో ఉండేది. ఇప్పటి అధ్యాయాలూ వచనాలూ ఆర్సన్ ప్రాట్ 1879లో చేసిన విభజన. పేజీకి రెండు నిలువు వరుసలు 1920 ముద్రణతో వచ్చాయి.

వచన సంఖ్యలు వెతుక్కోవడానికి బాగుంటాయి, చదవడానికి అడ్డం. ప్రతి వచనం దానికదే ఒక సూక్తిలా కనబడుతుంది. కథ తెగిపోతుంది.

కాబట్టి యాప్ నుంచి, గ్రంథంలోని తొలి పుస్తకమైన 1 నీఫై మొదటి ఐదు అధ్యాయాలు కాపీ చేసి ఒక ఫైలులో పెట్టుకోండి. అంకెలు, అధ్యాయాల పైనుండే సంగ్రహాలు, అధస్సూచికల గుర్తులు అన్నీ చెరిపేయండి. తర్వాత మీరే పేరాలు విడగొట్టండి. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ సన్నివేశం మారిందో మీరే తేల్చుకోవాలి. అరగంట పడుతుంది. ఆ అరగంటలో మామూలుగా వారం రోజులు చదివినా కనబడనివి కనబడతాయి. ఆ ఐదు అధ్యాయాలే ఎందుకంటే, 1830 ముద్రణలో అవన్నీ కలిపి ఒకటే అధ్యాయం. ఇప్పుడు 22 అధ్యాయాలున్న 1 నీఫై అప్పుడు ఏడే. యెరూషలేము విడిచి వెళ్లడం, ఇత్తడి పలకల కోసం వెనక్కి రావడం, ఆ పలకలు దగ్గరున్న లేబన్ నీఫై చేతిలో చావడం, ఇంటి దగ్గర తల్లి ఏడుపు, కొడుకుల రాక, పలకలు తెరిచి చూడటం: ఇదంతా ఒకే బిగిలో సాగే కథ. దాన్ని ఐదు రోజులకు ఐదు ముక్కలుగా చదివితే, నాలుగో అధ్యాయంలో లేబన్ తల తెగిన వెంటనే ఐదో అధ్యాయంలో నీఫై తల్లి శరాయ తన బిడ్డలు చచ్చిపోయారనుకుని భర్తను తిట్టడం పక్కపక్కన పడవు. ఒక ఇంట్లో చావు, ఇంకో ఇంట్లో చావు భయం. నీఫై ఆ రెండింటినీ పక్కపక్కనే పెట్టాడు.

రెండో పని: గొంతెత్తి చదవండి

చెబుతుంటే రాసుకున్న పుస్తకం ఇది. చెవికి పుట్టింది, చెవితోనే చదవాలి.

ఇంగ్లీషులో ఈ గ్రంథాన్ని వెక్కిరించేవాళ్లకు ముందుగా దొరికేది "ఆ తరువాత ఇలా జరిగింది" అన్న అర్థం వచ్చే పల్లవి. వెయ్యికి పైగా సార్లు వస్తుంది. మార్క్ ట్వేన్ 1872లో ఈ పుస్తకాన్ని అచ్చులో ఉన్న క్లోరోఫారం అన్నాడు, ఆ పల్లవి తీసేస్తే మిగిలేది కరపత్రమే అని కూడా. కంటితో చదివితే ఆయన చెప్పింది నిజమే, నిద్రొస్తుంది. కానీ బుర్రకథలో వంతలు "తందాన" అన్న ప్రతిసారీ మనం విసుక్కుంటామా? కథకుడు ఊపిరి తీసుకునే చోటు అది, వినేవాడు కుదురుకునే చోటు కూడా. ఇక్కడ కూడా ఆ పల్లవి వచ్చినప్పుడల్లా కథ ఒక అడుగు వేసిందని లెక్క. పల్లవి దగ్గర దగ్గరగా వస్తుంటే కథ పరిగెడుతోంది. పేజీలకు పేజీలు అది మాయమైతే ఎవరో ప్రసంగిస్తున్నారు, లేదా ప్రార్థిస్తున్నారు. పెన్సిలుతో పల్లవికి చిన్న చుక్క పెట్టుకుంటూ పోండి. చుక్కల సాంద్రతే మీకు నడక చెబుతుంది.

తెలుగు అనువాదం గ్రాంథికంలో ఉంది. పాత బైబిలు అలవాటున్న ఇళ్లవాళ్లకు అది ఇబ్బంది కాదు. పిల్లలకు మాత్రం కొరకరాని కొయ్య. నేను చేసేది ఇది: ఒక పేరా గ్రాంథికంలో బిగ్గరగా చదువుతాను, పుస్తకం మూసేసి అదే సంగతి మా ఊరి మాటలో చెప్పుకుంటాను. చెప్పలేకపోయానంటే అర్థం కాలేదన్నమాట, కాకపోతే అలంకారానికి పడిపోయి విషయం జారవిడిచానన్నమాట.

మూడో పని: కలం ఎవరిదో కనుక్కోండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. దీని మీద తొందరపడకండి.

మన భారతానికి కవిత్రయం ఉన్నట్టు ఈ గ్రంథానికీ ముగ్గురు పెద్ద రచయితలున్నారు: నీఫై, మోర్మన్, మొరోనై. చిన్న రచయితలు ఇంకా ఉన్నారు, కానీ ముగ్గురి గొంతులూ గుర్తుపడితే సగం పని అయినట్టే. మూడు రంగుల పెన్సిళ్లు కొనుక్కోండి.

నీఫై "నేను" అంటూ తన కథ తనే రాస్తాడు. అయితే ఎప్పుడు రాశాడు? 2 నీఫై 5 చివర్లో జవాబుంది. యెరూషలేము విడిచి 30 ఏళ్లు గడిచాక ఈ కథ చెక్కిన చిన్న పలకలు చేయమని ఆజ్ఞ వచ్చింది. అంటే 1 నీఫై దినచర్య కాదు, జ్ఞాపకం. అన్నదమ్ములు విడిపోయి, రెండు జాతులై, కత్తులు దూసుకున్నాక, ఒక జాతికి పెద్ద అయిన తమ్ముడు రాసిన చిన్ననాటి కథ. ఇది మనసులో పెట్టుకుని అన్నలు లేమన్, లెముయెల్ కనిపించే ప్రతి చోటూ మళ్లీ చదవండి. వాళ్లు ఎప్పుడూ సణుగుతూనే ఉంటారు, దాదాపు ఎప్పుడూ జంటగానే మాట్లాడతారు. లెముయెల్ ఒక్కడే అన్న మాట ఒక్కటైనా ఉందేమో వెతికి చూడండి.

నీఫై అబద్ధం చెబుతున్నాడని నేననడం లేదు. గాయపడ్డ తమ్ముడు చెబుతున్నాడు అంటున్నాను. ఆయన నిజాయితీకి ఒక రుజువు కూడా చూపిస్తాను. 1 నీఫై 17లో అన్నల ఫిర్యాదును తనే పూర్తిగా రాశాడు: ఇన్నేళ్లు అడవుల్లో తిరిగాం, మన ఆడవాళ్లు కడుపుతో ఉండి కష్టపడ్డారు, ఎడారిలోనే పిల్లల్ని కన్నారు, ఈ పాట్లు పడేకన్నా యెరూషలేములో చచ్చిపోయినా బాగుండేది. ఈ మాటల్ని ఎవరు అన్నారో చెప్పకుండా ఎవరికైనా వినిపించండి. న్యాయమే కదా అంటారు. ఎదుటివాడి వాదాన్ని ఇంత బలంగా రాసిపెట్టిన రచయితను ఏకపక్షం అని కొట్టిపారేయలేం, అలాగని కళ్లు మూసుకుని ఆయన వెంటా పోలేం.

మోర్మన్ పని వేరు. ఆయన తన ముందు వందల ఏళ్లలో పోగుపడ్డ రికార్డులను కుదిస్తున్న సంపాదకుడు. వందో వంతు కూడా రాయలేకపోతున్నానని చాలాసార్లు అంటాడు. అలా అన్న ప్రతిచోటా ఆగి అడగండి: తొంభై తొమ్మిది వంతులు వదిలేసినవాడు ఈ ఒక్క వంతు ఎందుకు ఉంచాడు? యుద్ధాల మీద ఆల్మా గ్రంథంలో అన్ని అధ్యాయాలు ఎందుకు? ఆయనే సేనాధిపతి, పదిహేను, పదహారేళ్ల వయసులోనే సైన్యం నడిపినవాడు, ఓడిపోతున్న యుద్ధం మధ్య కూర్చుని పాత యుద్ధాలు రాస్తున్నాడు. ఆ సంగతి తెలిశాక ఆ అధ్యాయాలు అంత పొడిగా ఉండవు. ఈయన గొంతు పట్టుకోవడానికి తేలికైన గుర్తు, "ఈ విధంగా మనం చూస్తున్నాం" అంటూ కథ ఆపి నీతి చెప్పడం. దానికి ఒక రంగు వేయండి. కొన్నిచోట్ల కథ చెప్పేదానికీ ఆయన చెప్పే నీతికీ మధ్య సందు కనబడుతుంది. ఆ సందులోకి తొంగి చూడటమే చదవడం.

మొరోనై గురించి మొదట్లోనే చెప్పాను. ఒక్క సలహా: మోర్మన్ 8 చదివిన వెంటనే మొరోనై 1 తీయండి. అంతా అయిపోయింది, ఇక రాయను అనుకున్నవాడు, నేనింకా చావలేదు అంటూ మళ్లీ పలకలు పట్టుకుంటాడు.

నాలుగో పని: లేనివాటిని రాసుకోండి

నోట్‌బుక్‌లో ఒక పేజీకి "ఇక్కడ లేనిది" అని పేరు పెట్టండి.

మొదట రాసుకోవాల్సింది పోయిన 116 పేజీలు. 1828లో జోసెఫ్ స్మిత్ చెప్పిన తొలి భాగాన్ని, దాన్ని రాసుకున్న మార్టిన్ హారిస్ ఇంట్లోవాళ్లకు చూపించడానికి తీసుకెళ్లాడు, అవి మళ్లీ దొరకలేదు. మనం చదివే మొదలు అసలు మొదలు కాదు, దాని స్థానంలోకి వచ్చిన నీఫై చిన్న పలకలు. పుస్తకం తొలి పేజీ కిందే ఒక నష్టం ఉంది.

తర్వాత ఆడవాళ్లు. గ్రంథం సొంత పాత్రల్లో పేరున్న స్త్రీలు ముగ్గురే: శరాయ, అబీష్, ఇజబెల్. నీఫైకి అక్కచెల్లెళ్లున్నారన్న సంగతి 2 నీఫై 5:6లో, కుటుంబం చీలిపోయి వెళ్తున్నప్పుడు గానీ మనకు తెలియదు! కుటుంబాన్ని అమెరికా ఖండానికి తెచ్చిన ఓడలో వాళ్లున్నారా, ఎడారిలో వాళ్లేం చేశారు, ఒక్క మాట లేదు. ఆల్మా 19లో అబీష్ అనే దాసి ఇంటింటికీ పరుగెత్తి జనాన్ని పిలుచుకొస్తుంది. ఆమె పేరు చెప్పిన మోర్మన్, ఆమె యజమానురాలైన రాణి పేరు చెప్పలేదు. మామూలుగా చరిత్రలు దీనికి తలకిందులుగా రాస్తాయి. దీనికి నా దగ్గర జవాబు లేదు, నా నోట్‌బుక్‌లో ఆ పక్కన ప్రశ్నార్థకం ఒకటే ఉంది.

ఐదో పని: ముగ్గు గీయండి

హెబ్రీ కవిత్వంలో ఒక అమరిక ఉంది. మొదట చెప్పిన సంగతి చివర, రెండోది చివరి నుంచి రెండోది, అలా లోపలికి వెళ్లి మధ్యలో అసలు మాట. చుక్కల ముగ్గులో ఒక పక్క గీసింది రెండో పక్కా గీస్తాం చూడండి, అలా. 1967లో జర్మనీలో మిషనరీగా ఉన్న జాన్ వెల్చ్ అనే యువకుడు ఈ అమరిక మోర్మన్ గ్రంథంలోనూ ఉందని గమనించాడు. అప్పటినుంచి మావాళ్లకు ఇదో పిచ్చి.

అందరూ చూపించేది ఆల్మా 36, ఆల్మా అనే ప్రవక్త తాను మారిన కథను కొడుక్కి చెప్పే అధ్యాయం. ఒక కాగితం తీసుకుని మీరే చేయండి. పై చివరనా కింది చివరనా ఒకటే మాట: ఆజ్ఞలు పాటిస్తే దేశంలో వర్ధిల్లుతావు. లోపలికి రండి. ఒక పక్క దేవుని ఎదుట నిలబడటం కన్నా ఆత్మా శరీరమూ లేకుండా పోతే బాగుండునన్న కోరిక, రెండో పక్క సింహాసనం మీద దేవుణ్ణి చూసి అక్కడే ఉండిపోవాలన్న కోరిక. ఒక పక్క నొప్పి, రెండో పక్క ఆ నొప్పి అంత ఆనందం. నడిమధ్య, 17, 18 వచనాల్లో, తండ్రి చెప్పగా విన్న యేసు పేరు గుర్తొచ్చి కరుణించమని వేసిన కేక.

ఇంతవరకూ చాలామంది చేస్తారు. నేను చెప్పేది ఇంకో మెట్టు. అదే సంఘటన మోషైయ 27లో కూడా ఉంది, అది జరిగిన కాలంలో. రెండింటినీ పక్కపక్కన పెట్టండి. అక్కడ దూత మాట, పడిపోవడం, యాజకులు రెండు రోజులు ఉపవాసముండటం, లేచిన ఆల్మా నోట తడుముకుంటూ వచ్చినట్టుండే పొట్టి వాక్యాలు: చీకటిలో ఉన్నాను, ఇప్పుడు వెలుగు చూస్తున్నాను. ఇక్కడ, ఏళ్లు గడిచాక, పెద్దకొడుక్కి చెబుతున్నప్పుడు, మూడు రోజులు పడ్డ యాతన, చెక్కిన శిల్పంలాంటి అమరిక. మొదటిది గాయం పచ్చిగా ఉన్నప్పుడు అరిచిన అరుపు. రెండోది జీవితమంతా లోపల తిప్పుకుని తిప్పుకుని నున్నగా అయిన రాయి. రెండో కొడుకు షిబ్లోన్‌కు ఇదే కథ నాలుగు ముక్కల్లో చెబుతాడు (ఆల్మా 38). దారి తప్పిన మూడో కొడుకు కోరియాంటన్‌కు నాలుగు అధ్యాయాలు మాట్లాడి, ఈ కథ మాత్రం ఎత్తడు. అందరికన్నా అది అవసరమైనవాడు అతనే అనిపిస్తుంది మనకు. తండ్రికి ఎందుకనిపించలేదో, బిడ్డలున్నవాళ్లు ఆలోచించాల్సిన విషయం.

ఒక హెచ్చరిక. ముగ్గు గీయడం వచ్చాక ప్రతి గోడ మీదా ముగ్గే కనబడుతుంది. ఏ పేజీ ఇచ్చినా అందులోంచి ఓ పది పదాలు ఏరి అద్దంలో బొమ్మలా పేర్చేవాళ్లను చూశాను. పదాలు ఏరుకోకుండా, అన్ని వాక్యాలూ లెక్కలోకి తీసుకున్నా అమరిక నిలబడితేనే నమ్మండి. ఇంకో సంగతి, అమరిక ఉందని తేలితే గ్రంథం ప్రాచీనమని రుజువైపోయినట్టు వాదించేవాళ్లూ ఉన్నారు. నాకు ఆ వాదం మీద ఆసక్తి తక్కువ. పద్యం బాగుందని చెప్పడానికి అది రాగిరేకు మీద దొరకాల్సిన పని లేదు.

ఆరో పని: పక్కన బైబిలు తెరవండి

2 నీఫై 12 నుంచి 24 వరకు యెషయా 2 నుంచి 14. చాలామంది చదువు ఆగిపోయే చోటు ఇదే. ఇబ్బందిగా ఉంటే ఇప్పటికి దాటేయండి, తప్పు లేదు, తర్వాత తిరిగి రండి. 3 నీఫై 12 నుంచి 14 వరకు మత్తయి 5 నుంచి 7, అంటే కొండమీది ప్రసంగం. తెలుగువాళ్లకు ఇక్కడొక లాభముంది. హైదరాబాద్‌లో 2012లో భారతదేశంలోని తొలి స్టేకు (కొన్ని స్థానిక సంఘాల కూటమి) ఏర్పడింది. ఇక్కడి సభ్యుల్లో వేరే సంఘాల నుంచి వచ్చినవాళ్లం ఉన్నాం, మాకు ఆ ప్రసంగం చిన్నప్పటినుంచీ చెవిలో ఉంది. ఎక్కడ మాట తేడా పడినా వెంటనే తగులుతుంది.

తేడాలు వెతకండి. ఆత్మలో దీనులైనవాళ్లు ధన్యులు అన్నచోట 3 నీఫైలో "నా యొద్దకు వచ్చువారు" అన్న అర్థం చేరుతుంది. కడపటి కాసు అన్నచోట నీఫైయుల, అంటే నీఫై జాతివాళ్ల, నాణెం పేరు వస్తుంది. పరలోక తండ్రి పరిపూర్ణుడైనట్టు అన్నచోట, పునరుత్థానమైన యేసు "నావలె" అని తననూ కలుపుకుంటాడు. ప్రభువు ప్రార్థనలో "నీ రాజ్యము వచ్చుగాక" ఉండదు. ఎందుకని? వినేవాళ్ల ముందు రాజు నిలబడి ఉన్నాడు కనుకనా? ఇది నా ఊహ మాత్రమే. అనుదినాహారం మాటా లేదు మరి, దానికి నా ఊహ సరిపోదు.

జాగ్రత్త ఒకటి: మన తెలుగు బైబిలు, తెలుగు మోర్మన్ గ్రంథం వేరువేరు అనువాదకులు వేరువేరు కాలాల్లో చేసినవి. మాట తేడా కనబడగానే అర్థం తేడా అనుకోకండి. ఇంగ్లీషు ప్రతితో సరిచూసుకుని అప్పుడు నోట్‌బుక్‌లో రాయండి. ఈ జాగ్రత్త లేక ఒకసారి తరగతిలో పావుగంట ఒక తేడా గురించి ఆవేశంగా మాట్లాడి, చివరికి అది అనువాదకుడి పర్యాయపదమని తేలి కూర్చుండిపోయాను.

ఏడో పని: ఉత్తరాన్ని ఉత్తరంగా చదవండి

సిద్ధాంతము మరియు నిబంధనలులో కథకుడు లేడు. ఎక్కువ భాగం ప్రభువు మాటగా వచ్చిన ప్రకటనలు. వీటికి పాత పద్ధతి పనిచేయదు, చాలా ప్రకటనలకు ముందు ఒక మనిషి అడిగిన ప్రశ్న ఉంటుంది, దాన్ని వెతకాలి. అన్నిటిలోకీ ఒక్కటి చేసి చూపిస్తాను.

121వ ప్రకరణం "ఓ దేవా, నీవెక్కడున్నావు?" అన్న ఆక్రోశంతో మొదలవుతుంది. 1838 డిసెంబరు నుంచి జోసెఫ్ స్మిత్ మిస్సోరీలోని లిబర్టీ జైలులో ఉన్నాడు, బయట ఆయన జనాన్ని రాష్ట్రం నుంచి తరిమేస్తున్నారు. ఆరో వచనం దాకా మొర. ఏడో వచనంలో జవాబు: నా కుమారుడా, నీ ఆత్మకు సమాధానం కలుగును గాక, ఈ బాధ కొద్దికాలమే. లేఖనంలో చదివితే అడిగిన మరుక్షణం ఆకాశం పలికినట్టుంటుంది.

కానీ 121, 122, 123 ప్రకరణాలు 1839 మార్చిలో ఆయన జైలు నుంచి సంఘానికి చెప్పి రాయించిన పొడుగాటి ఉత్తరంలోంచి తీసిన ముక్కలు. ఆ ఉత్తరం పూర్తి పాఠం జోసెఫ్ స్మిత్ పేపర్స్ వెబ్‌సైటులో ఉంది. తెరిచి, ఆరో వచనానికీ ఏడో వచనానికీ మధ్య ఏముందో చూడండి. చాలా ఉంది. నిన్న సాయంత్రం ఉత్తరాలొచ్చాయి అంటాడు: భార్య ఎమ్మా దగ్గర్నుంచి ఒకటి, తమ్ముడు డాన్ కార్లోస్ దగ్గర్నుంచి ఒకటి, బిషప్ పార్ట్రిడ్జ్ దగ్గర్నుంచి ఒకటి. నాలుగు గోడల మధ్య ఉన్నవాడికి స్నేహితుడి చేతిరాత ఎంత తీపో, అది ఎలా మనసులోని పగనూ భయాన్నీ కరిగిస్తుందో చెప్పుకుంటూ పోతాడు. అలా మెత్తబడ్డ మనసులోకి ఆ జవాబు వస్తుంది.

ఏడో వచనాన్ని నేను నమ్ముతాను. ముందు కంటే ఎక్కువ నమ్ముతున్నాను. మధ్యలో ఎమ్మా ఉత్తరం ఉందని తెలిశాక.

ఆదివారం తరగతిలో

ఇవన్నీ చేసి, వారమంతా కూడబెట్టినదాన్ని ఆదివారం ఒకేసారి కుమ్మరించకండి. ఎవరూ హర్షించరు. సాక్ష్యం చెప్పుకోవడానికి వచ్చిన ముసలమ్మకు మీ రంగు పెన్సిళ్లతో పని లేదు. ఒక్క ప్రశ్న పట్టుకెళ్లండి, దానికి జవాబు మీ దగ్గర ఉండకూడదు. "ఆల్మా మూడో కొడుక్కి ఆ కథ ఎందుకు చెప్పలేదంటారు, అక్కా?" అని అడిగి ఊరుకోండి. లేబన్ వధ లాంటి ఇబ్బందికర ఘట్టమైతే ఇంకా మెల్లగా: నీఫై వద్దనుకున్నాడని, వెనక్కి తగ్గాడని తనే రాసుకున్నాడు, ముప్పై ఏళ్లకు కూడా ఆ వెనుకంజను దాచలేదు. దాన్ని చదివి వినిపిస్తే చాలు, తీర్పు చెప్పే భారం మీది కాదు.

ఎక్కడ మొదలుపెట్టాలంటే

ఇదంతా పెద్ద పనిగా కనిపిస్తే ఓమ్నై గ్రంథంతో మొదలుపెట్టండి. ఒకటే అధ్యాయం, 30 వచనాలు, దాదాపు 200 ఏళ్లు, ఐదుగురు రచయితలు. ఇంట్లో ఐదుగురు ఉంటే ఒక్కొక్కరికి ఒక్కొక్క పాత్ర ఇచ్చి రాత్రి భోజనాలయ్యాక చదివించండి.

తండ్రి పాత్ర ఓమ్నైకి ఇవ్వండి. కత్తి పట్టి జనం కోసం పోరాడాననీ, కానీ తను చెడ్డవాణ్ణేననీ, ఆజ్ఞలు పాటించలేదనీ లేఖనంలోనే రాసి పెట్టిన మనిషి అతను. తర్వాత అమరోన్. మూడోది, ఇంట్లో అందరికన్నా చిన్నవాడికి, కెమిష్. అతనిది ఒకే వచనం. అన్న చివరి మాటలు తన చేత్తో, పలకలు నాకిచ్చిన రోజే రాయడం చూశాను, మేము ఇలాగే రికార్డులు ఉంచుతాం, ముగిస్తున్నాను. హోంవర్కు బడి గేటు దగ్గర పూర్తిచేసే అన్నను చూసిన తమ్ముడి గొంతు అది, పిల్లలు వెంటనే పట్టేస్తారు. నాలుగో అబినదోము, కొత్త ప్రకటనలేవీ తనకు తెలియవని చెప్పి తప్పుకుంటాడు. ఐదోవాడు అమలేకై, సంతానం లేనివాడు. మిగిలిన 19 వచనాలూ అతనివే, కాబట్టి చదవడం బాగా వచ్చినవాళ్లకు ఇవ్వండి. వలస, కొత్త నగరం, రాజులు, ఎటో వెళ్లిపోయి మళ్లీ కబురు తెలియని ఒక సోదరుడు, అన్నీ చెప్పి చివరికి ఇలా ఆపుతాడు: నేను సమాధిలో పడుకోబోతున్నాను, ఈ పలకలు నిండిపోయాయి.